పదవీ విరమణ చేసిన సైనికునికి ఇంటివారి తోడ్పాటు



సిపాయిలుగా చేరినవారు చాలామంది నలభై ఏళ్ళ ప్రాంతంలోనే పింఛనుతో ఇంటికి వచ్చేస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ సైనికులను పంపిన పశ్చిమ గోదావరి జిల్లా మాధవరంలోనే కాదు, మన గుణదల, విజయవాడ వీధుల్లోనూ ఇటువంటి కుటుంబాలున్నాయి. అప్పటికి పిల్లల చదువులు పూర్తికావు. బ్యాంకు దగ్గరో, అపార్టుమెంటు దగ్గరో కాపలా ఉద్యోగం వెతుక్కోవాలి. నిన్నటివరకు పదిమందిని నడిపించిన హవల్దారుకు ఇది చిన్న మార్పు కాదు. పైగా ఆయన లేకుండానే ఇల్లు నడపడం ఇంట్లో అందరికీ అలవాటై ఉంటుంది.

గమనించవలసిన లక్షణాలు

1. నిద్ర పట్టకపోవడం, పీడకలలతో ఉలిక్కిపడి లేవడం.
2. టపాసుల శబ్దానికి అదిరిపడడం, చిన్న మాటకే విపరీతమైన కోపం.
3. బంధువులకు, శుభకార్యాలకు దూరంగా ఉండడం.
4. రోజురోజుకూ తాగుడు పెరగడం.

కాల్పులు, ప్రమాదాలు, తోటివారి మరణం చూసినవారిలో ఇవి నెలకు మించి ఉంటే వైద్యునికి చూపించాలి. ఇటువంటి జబ్బును 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో చేర్చింది. ఇది పిరికితనం కాదు. కౌన్సెలింగుతో, మందులతో తగ్గే అవకాశం ఉంది.

మద్యం విషయంలో జాగ్రత్త

క్యాంటీను కోటాలో మద్యం చవకగా దొరుకుతుంది కనుక అలవాటు ముదరడం తేలిక. అయితే ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవారిచేత ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించకండి. వణుకు, ఫిట్స్, మతి తప్పడం వంటివి వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పించాలి.

మనం చేయవలసినవి

"మీ మిలిటరీ పెత్తనం ఇక్కడ కాదు" అని ఎత్తిపొడవకండి. పిల్లల ఫీజులు, పొలం కౌలు, ఇంటి మరమ్మతు వంటి విషయాల్లో ఆయన సలహా అడగండి. ఒక బాధ్యత పూర్తిగా ఆయనకే అప్పగించండి. జరిగినవాటిని చెప్పమని బలవంతపెట్టకండి; తానుగా చెప్పినప్పుడు ఓపికగా వినండి.

పింఛను పొందే మాజీ సైనికులకు, వారిపై ఆధారపడిన కుటుంబ సభ్యులకు 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం ద్వారా వైద్యం లభిస్తుంది. ఉద్యోగం, సంక్షేమ సహాయాల గురించి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. చనిపోవాలని ఉందని ఆయన అంటే తేలికగా తీసుకోకండి. ఒంటరిగా వదలక వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఆలోచించండి: గత వారం మన ఇంట్లో ఆయనను అడగకుండా ఏయే నిర్ణయాలు తీసుకొన్నాం?