అరిగిన ఆర్మ్‌రెస్ట్‌ను ఇంటియొద్దనే బాగుచేసికొనుట

(గృహ పాఠము)

పాఠము యొక్క ఉద్దేశము: కారులో చేయి ఆనించుకొను ఆర్మ్‌రెస్ట్ ఎందుకు చెడునో తెలిసికొనుట, దానిలో ఏ భాగము చెడినదో కనుగొనుట, ఇంటిలో చేసికొనదగిన పనిని, పనివానికి అప్పగించవలసిన పనిని వేరుపరచుకొనుట.



షోలాపూరులోని విడీ ఘర్కుల్ మనలో చాలమందికి తెలిసిన చోటే. మరాఠీలో విడీ అనగా బీడీ, ఘర్కుల్ అనగా చిన్న ఇల్లు. పేరు బీడీ కార్మికులదైనను ఆ వాడలో నేతపనివారు అనేకులున్నారు. తాతల కాలమున తెలంగాణ జిల్లాలనుండి మగ్గము పనికై వచ్చిన కుటుంబములవి. తండ్రి సాంచాల మీద, తల్లి ఇంటిలో బీడీ చేట ముందు కూర్చుండి పిల్లలను పెంచిరి. ఆ పిల్లలలో కొందరు ఇప్పుడు మగ్గము విడిచి బండ్లు నడుపుకొనుచున్నారు.

మా ఇంటి ప్రక్కన అట్టి తమ్ముడొకడు కలడు. పాత కారు ఒకటి కొని కిరాయికి తిప్పుచున్నాడు. దాని వెనుక తలుపునకున్న ఆర్మ్‌రెస్ట్ చినిగి స్పాంజి బయటకు వచ్చినది. "అన్నా, నీకు కుట్టుపని వస్తది కదా, దీని సంగతి జర చూడు" అని నన్ను అడిగెను. నేను తొందరపడి, చినిగిన దాని మీదనే తెల్ల జిగురు పూసి క్రొత్త రెగ్జిన్ ముక్క అంటించితిని. చూచుటకు క్రొత్తదానివలెనే యుండెను. డబ్బు తీసికొనలేదు గాని మెప్పు మాత్రము తీసికొంటిని.

ఏప్రిల్ ఎండలకు ఆ ముక్క ఒక అంచున లేచినది. దాని క్రింద ప్లాస్టిక్ చట్రము ముందే పగిలియుండెను, నేను చూడలేదు. ఒకనాడు అతని తల్లి దవాఖానకు పోయి, కారు దిగుటకు ఆ ఆర్మ్‌రెస్ట్‌ను అదిమి లేవబోగా పగిలిన అంచు ఆమె కుడి అరచేతిని కోసినది. బీడీలు చుట్టు చేయి అది. చుట్టినన్ని బీడీలకే కూలి. వారము దినములు ఆమె ఆకు పట్టలేకపోయెను. ఆమె నన్ను నిందింపలేదు. "పైకి మంచిగనే ఉండె కదా బిడ్డా" అని మాత్రము అనెను. ఆ మాట నన్ను విడువలేదు గనుక ఈ పాఠము వ్రాయుచున్నాను.

1. ఆర్మ్‌రెస్ట్‌లో ఏమున్నది? అది ఎందుకు చెడును?

ఏ కారుదైనను సాధారణముగా దీనిలో మూడు పొరలుండును. లోపల గట్టి ప్లాస్టిక్ చట్రము. దాని మీద పాలీయురేథేన్ స్పాంజి. అన్నిటికి పైన రెగ్జిన్, గుడ్డ, లేక తోలు కవరు.

రెగ్జిన్ అనగా గుడ్డ మీద పి.వి.సి. పూత. ఆ పూత మెత్తగా నుండుటకై నూనె వంటి పదార్థమును కలుపుదురు. ఎండవేడికి ఆ పదార్థము మెల్లమెల్లగా బయటకు పోవును. అప్పుడు రెగ్జిన్ బిరుసెక్కి, మోచేయి ఆను చోట నెర్రెలు పడును. చెమట, తలనూనె ఆ పనిని త్వరపెట్టును. కొన్ని కార్లలో పాలీయురేథేన్ పూత గల కృత్రిమ తోలు వాడుదురు. అది గాలిలోని తేమ వలన సంవత్సరములు గడచిన కొలది విడిపోయి పొట్టువలె రాలును, లేక చేతికి జిగటగా తగులును. ఇట్టి దానికి అతుకు నిలువదు. దానిని పూర్తిగా తీసివేయుటయే మేలు.

వేడిని గూర్చి మరియొక మాట. షోలాపూరు ఎండ వేసవిలో 40 డిగ్రీలు దాటును. అద్దములు మూసి ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీల వరకు, కొన్ని చోట్ల అంతకు మించియు వేడి ఎక్కవచ్చును. కొయ్యకు పూయు తెల్ల జిగురు నీటితో చేసినది. నీరు పీల్చని ప్లాస్టిక్‌ను, రెగ్జిన్‌ను అది గట్టిగా పట్టుకొనదు, ఇంతటి వేడికి మెత్తబడును. నా మొదటి తప్పు ఇదే.

2. మూడు పరీక్షలు

పనికి పూనుకొనకముందు ఈ మూడు పరీక్షలు చేయుడి. పది నిమిషములు పట్టును.

అ) కవరు: గోటితో మెల్లగా గీకుడి. ఒక్క చోటనే చీలిక యుండి తక్కినది మెత్తగా నున్నయెడల అతుకు చాలును. పొట్టు లేచినను, వంచినప్పుడు క్రొత్త నెర్రెలు పడినను కవరంతయు మార్చవలెను.

ఆ) స్పాంజి: బొటనవ్రేలితో నొక్కి విడువుడి. వెంటనే లేచినయెడల మంచిది. గుంట అట్లే నిలిచినను, లోపలనుండి పొడి రాలినను క్రొత్తది వేయవలెను.

ఇ) చట్రము: రెండు చేతులతో పట్టుకొని ప్రక్కలకు, పైకి, క్రిందికి కదిలించుడి. కిర్రుమను శబ్దము గాని, ఒక కొన లేచుట గాని యున్నయెడల చట్రమో, దాని బిగింపో విరిగినదని తెలిసికొనుడి. నేను విడిచిపెట్టిన పరీక్ష ఇదే.

తలుపునకున్న ఆర్మ్‌రెస్ట్ చేయి ఆనించుటకు మాత్రమే కాదు. అనేక కార్లలో దానిని పట్టియే తలుపు లాగుదురు. వృద్ధులు, గర్భిణీ స్త్రీలు దానిని అదిమియే లేతురు. గనుక మనిషి బరువును మోయునది కవరు కాదు, చట్రమే.

3. చేయి పెట్టకూడని చోట్లు

సీటు ప్రక్కన గాని, తలుపు మీద గాని ఎయిర్‌బ్యాగ్ అని ముద్ర యున్నయెడల ఆ భాగమును విప్పకూడదు, దాని మీద కవరు కుట్టకూడదు. గుడ్డ అడ్డమైనచో ప్రమాద సమయమున బ్యాగు సరిగా తెరచుకొనదు. పసుపుపచ్చ రంగు కనెక్టరు కనబడినచో అది సాధారణముగా ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించినది, దానిని లాగకుడి. రెండు ముందు సీట్ల నడుమనున్న పెట్టె క్రింద అనేక కార్లలో ఎయిర్‌బ్యాగ్ నియంత్రణ యంత్రముండును. కాబట్టి పెట్టెను పెకలింపక, పైమూతను మాత్రమే విప్పుడి.

తలుపు ఆర్మ్‌రెస్ట్‌లో అద్దముల స్విచ్చులున్నయెడల ముందుగా తాళము తీసి, బ్యాటరీ నెగెటివ్ తీగను విడదీయుడి.

4. విప్పుట

మరలు బయటకు కనబడవు. చిన్న ప్లాస్టిక్ బిళ్లల క్రింద, లేక పట్టుకొను గుంటలో అడుగున దాగియుండును. బిళ్లను లేపునప్పుడు స్క్రూడ్రైవర్ మొనకు గుడ్డ చుట్టినచో గీతలు పడవు. తీసిన మరలను ఒక పళ్లెములో తీసిన వరుసగా పెట్టుడి. ఒక్కొక్కటి ఒక్కొక్క పొడవుండవచ్చును; పొడవైన మరను పొట్టిదాని చోట బిగించినచో బయటకు పొడుచుకొని వచ్చును. మరలన్నియు తీసిన పిమ్మట కూడ రానియెడల బలవంతముగా లాగకుడి. ఇంకొక మర ఎక్కడనో యున్నదని గ్రహించుడి.

పాత కవరును చింపివేయకుడి. పిన్నులను ఒక్కొక్కటిగా లేపి, జిగురున్న చోట తల ఆరబెట్టు యంత్రముతో కొంచెము వేడిచేసి మెల్లగా ఒలువుడి. క్రొత్త కవరునకు అదియే కొలత.

5. లోపలనుండి పైకి రావలెను

చట్రము: అడుగుభాగమున ప్లాస్టిక్ రకమును తెలుపు ఆంగ్ల అక్షరములు అచ్చువేసి యుండును. ఎ.బి.ఎస్. అని యున్నయెడల పగులును గరుకు కాగితముతో రుద్ది, అడుగు వైపున పలుచని గుడ్డ పట్టీ పెట్టి, అరాల్డైట్ వంటి రెండు గొట్టముల జిగురుతో అతుకవచ్చును. పి.పి. అని యున్నయెడల ఆ జిగురు నిలువదు, ఆరిన తరువాత పెచ్చుగా ఊడును. దానికి పగులునకు ఇరువైపుల సన్నని రంధ్రములు చేసి రాగి తీగతో కుట్టవలెను, లేక అడుగున చిన్న లోహపు పట్టీ పెట్టి మరలు బిగించవలెను. తీగ కొనలు పైకి రాకుండ చూడుడి. తలుపునకు బిగించు చెవియే విరిగినయెడల అతుకును నమ్మక, పాత సామానుల దుకాణములో అదే కారు చట్రమును వెదకుట మంచిది. పదునైన అంచులను ఆకురాయితో రుద్ది, కన్నులు మూసికొని వ్రేలితో తడిమి చూడుడి.

స్పాంజి: 6 నుండి 10 మిల్లీమీటర్ల మందము గల గట్టి స్పాంజి చాలును. మెత్తగా నుండవలెనని మందము పెంచినచో మూత మూసికొనదు, కవరు మూలలు చినుగును. అంచులను కత్తెరతో వాలుగా కోయుడి.

కవరు: పాత కవరును కుట్ల వద్ద విప్పి, క్రొత్త రెగ్జిన్ వెనుక వైపున పరచి, సుద్దతో గీయుడి. లోపలికి మడుచుటకు 20 మిల్లీమీటర్లు అదనముగా విడువుడి. గుడ్డ వాడినయెడల మన నేతపనివారికి వేరుగా చెప్పనక్కరలేదు: పడుగు సాధారణముగా తక్కువ సాగును గనుక ఆర్మ్‌రెస్ట్ పొడవునకు పడుగును, అడ్డమునకు పేకను ఉంచుడి.

ఇంటి కుట్టుమిషను పలుచని రెగ్జిన్ రెండు పొరలను కుట్టగలదు. 16 లేక 18 నంబరు సూది, పాలియెస్టరు దారము వాడుడి. నూలు దారము ఎండకు, చెమటకు త్వరగా చీకిపోవును. కుట్టు 3 నుండి 4 మిల్లీమీటర్ల పొడవుండవలెను. దగ్గరదగ్గర కుట్లు వేసినచో తపాలా బిళ్లల అంచువలె చిల్లుల వెంబడి చినుగును. గుండుసూదులు గ్రుచ్చినచో రెగ్జిన్‌లో చిల్లులు అట్లే మిగులును. బట్టలకు పెట్టు క్లిప్పులు వాడుడి. మిషను పాదము రెగ్జిన్‌కు పట్టుకొన్నయెడల నడుమ పలుచని కాగితము పెట్టి కుట్టి, తరువాత చింపివేయవచ్చును.

అంటించుట: చెప్పులు కుట్టువారు వాడు రబ్బరు జిగురు దీనికి తగినది. రెండు ముఖములకు పలుచగా పూసి, వ్రేలికి అంటనంతవరకు, అనగా 10 లేక 15 నిమిషములు ఆగుడి. తడిగా నున్నప్పుడే అంటించినయెడల పట్టు రాదు. ముందు నడిమి భాగము, తరువాత ఎదురెదురు ప్రక్కలు, చివర మూలలు లాగి నొక్కుడి. మూలల వద్ద మడుపు లావెక్కకుండ లోపలి అంచును చిన్న చిన్న ముక్కోణములుగా కత్తిరించుడి. ఒక దినము వాడక ఉంచుడి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ జిగురు ఆవిరి మండును. అది గాలికంటె బరువు గనుక నేల వెంబడి ప్రాకి పొయ్యిని చేరగలదు. విడీ ఘర్కుల్‌లో మన ఇండ్లు చిన్నవి. వంట, పడక, బీడీ చేట అన్నియు దగ్గరదగ్గరగా నుండును. కాబట్టి ఇంటిలో కూర్చుండి ఈ జిగురు పూయకుడి. వాకిట, గాలి తగులు చోట, పొయ్యికి, అగరువత్తికి, బీడీ నిప్పుకు దూరముగా పూయుడి. పిల్లలను, గర్భిణీ స్త్రీలను దగ్గరకు రానీయకుడి. డబ్బా మూత వెంటనే బిగించుడి.

6. జిగురు అక్కరలేని పద్ధతి

సీట్ల నడుమనున్న మూతకును, వెనుక సీటులో మడిచి దింపు ఆర్మ్‌రెస్ట్‌కును ఒక సులభమైన మార్గమున్నది. ప్రసిద్ధికెక్కిన షోలాపూరు చద్దరు మన ఇంటిలోనే యుండును. చిరిగిన చద్దరులో గట్టిగా మిగిలిన ముక్కతో తొడుగు కుట్టవచ్చును. నూలు గుడ్డ చెమట పీల్చును, ఎండలో రెగ్జినంతగా కాలదు, మాసినప్పుడు విప్పి ఉతుకవచ్చును. క్రొత్త గుడ్డయైనచో ముందుగా ఒకసారి ఉతికి ఆరబెట్టుడి. లేనిచో కుట్టిన తరువాత కుదించుకొనును. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుచున్నదేమో చూడుడి. లేనిచో ప్రయాణికుని తెల్లచొక్కాకు అంటును. చుట్టుకొలతకు 3 సెంటీమీటర్లు కలిపి, అడుగున వెల్క్రో పట్టీ కుట్టినచో బిగువుగా నిలుచును. తొడుగు చేతి క్రింద జారకూడదు. అయితే చట్రము పగిలియున్నయెడల తొడుగు దానిని దాచునే గాని బాగుచేయదు.

7. ముగింపు

తరువాత మేము ఆ ఆర్మ్‌రెస్ట్‌ను మరల విప్పితిమి. నేను అంటించిన ముక్కను తీయగా, తలుపునకు బిగించు చెవి విరిగి కనబడెను. పాత సామానుల దుకాణములో మంచి చట్రము దొరికినది. దాని మీద క్రొత్త స్పాంజి, క్రొత్త కవరు వేసితిమి. నడిమి మూతకు ఆ తమ్ముని తండ్రి నేసిన చద్దరు ముక్కతో తొడుగు కుట్టితిమి. పని ముగిసిన పిమ్మట కిరాయికి పోకముందు ఆ తల్లిని సీటులో కూర్చుండబెట్టి, "గట్టిగ అదిమి లేవు, అమ్మా" అని చెప్పితిని. ఆమె మొదట రెండు వ్రేళ్లతో అంచును తడిమి చూచెను. తరువాతనే బరువు ఆనించెను. అది కదలలేదు.

ఆమె అట్లు తడిమి చూచుట నాకు ఒక పాఠమాయెను. పని చూపునకు బాగుండుట వేరు, నమ్మి చేయి వేయుటకు తగియుండుట వేరు. విరిగినది ఏదో తెలిసికొని, లోపలనుండి పైకి బాగుచేయుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ బండిలో చెడినది కవరా, స్పాంజియా, చట్రమా? మూడు పరీక్షలు చేసి చెప్పుడి.
2. పాత కవరు మీదనే క్రొత్తది అంటించుటలో గల అపాయమేమి?
3. రబ్బరు జిగురును ఇంటిలోపల ఎందుకు వాడకూడదు? మీ ఇంటిలో దానికి తగిన చోటేది?
4. మీ బండిలో ఆర్మ్‌రెస్ట్‌ను అదిమి లేచు పెద్దలెవరు? పని ముగిసిన తరువాత మొదట ఎవరిచేత పరీక్ష చేయింతురు?