పత్తికట్టెనుండి ఇంధనవాయువు: పాలమూరు యువకులకు ఒక వృత్తిమార్గము

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో సీడుపత్తి ఏరుట ముగిసిన వెంటనే రైతు చేనిలోని కట్టెను పీకించి, కుప్పవేయించి, నేల ఖాళీ కావలెనను తొందరలో నిప్పు పెట్టించును. జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చిన పిమ్మట వరిసాగు హెచ్చిన వనపర్తి ప్రాంతమున మిల్లుల వెనుక ఊక గుట్టలై పేరుకొనును. నాగర్‌కర్నూలు పల్లెలలో పల్లికాయ ఒలిచిన పిదప పొట్టు మిగులును. 2016 అక్టోబరులో పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లానుండి వేరుపడిన ఈ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో చదువుకొని, ఐటీఐ ధ్రువపత్రమో ఇంజనీరింగు పట్టాయో చేతబట్టి హైదరాబాదు బస్సెక్కుటయే గతియని తలంచు విద్యార్థికి ఆ కట్టెలోనే ఒక జీవనోపాధి కలదు. అయితే అది అందరును వెదకుచోట లేదు.

కట్టె పూర్తిగా మండుటకు కావలసిన గాలిలో నాల్గవవంతు మొదలు మూడవవంతు వరకు మాత్రమే ఇచ్చి, మూసిన కొలిమిలో వేయి డిగ్రీలకు పైబడిన వేడిమిచేత దానిని విడగొట్టినయెడల, బూడిదకు మారుగా మండగల వాయువు లభించును. ఆ వాయువును ప్రొడ్యూసర్ గ్యాస్ అనియు, ఆ కొలిమిని గ్యాసిఫయరు అనియు అందురు. అందు కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజను చెరి 20 శాతము వరకును, మీథేను స్వల్పముగను ఉండి, తక్కినదానిలో అధికభాగము పనికిరాని నత్రజనియే యగుటవలన, ఘనపు మీటరునకు 1,000 నుండి 1,200 కిలోకాలరీల వేడిమియే వచ్చును. అనగా సహజవాయువులో ఎనిమిదవవంతు. అయినను ఎండిన కట్టె కిలో, కిలోంబావు వేసిన ఇంజనునుండి ఒక యూనిట్టు విద్యుత్తు పుట్టునన్నచో తీసివేయదగిన లెక్క కాదు.

పుస్తకములో ఈ విద్య ఇంతటితో ముగియును. యంత్రము ముందు నిలుచువాని పని ఇక్కడనే మొదలగును. కట్టెలో తడి 20 శాతమునకు మించినచో కొలిమి చల్లబడి, విడిపోవలసిన తారు వాయువుతో కలిసి వచ్చి, ఇంజను వాల్వులకు జిగురువలె పట్టుకొనును. పల్లిపొట్టు మిక్కిలి తేలిక యగుటచే క్రిందికి జారక నడుమ వంతెన కట్టి నిలిచిపోవును, దానిని కడ్డీతో పొడిచి దింపవలెను. ఊకలో అయిదవవంతు బూడిదయే, అదియు చాలవరకు సిలికా. వేడిమి అదుపు తప్పినచో అది కరగి గడ్డలై జల్లెడను మూసివేయును. అనుభవము గల ఆపరేటరు వాయువును తిన్నగా ఇంజనునకు వదలడు; ముందుగా పరీక్షగొట్టము చివర వెలిగించి, మంట ఆరిపోక నిలకడగా నిలిచిన పిమ్మటనే మీట త్రిప్పును. మరియు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పితో మొదలై ప్రాణము తీయును. ఈ వృత్తిలో అడుగిడువాడు జీతముకన్న ముందు నేర్వవలసినది ఈ సంగతినే.

ఈ విద్య క్రొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు దొరకక మన దేశపు బస్సులు వీపున బొగ్గుకొలిమిని మోసికొని తిరిగినవి. తరువాత బెంగళూరు భారత విజ్ఞానసంస్థయు, వడోదరలోని అంకుర్ సైంటిఫిక్ సంస్థయు దీనిని సంస్కరించినవి; బీహారులో హస్క్ పవర్ సంస్థ 2007 ప్రాంతమున ఊకతో పల్లెలకు దీపములు వెలిగించినది. కాని తీగెలద్వారా కరెంటు ఊరూరికి చేరి, సౌరఫలకముల ధర తగ్గిన పిమ్మట, గ్యాసిఫయరు మరమ్మతుల కోర్చుకొని నడుపువారు తగ్గిరి. కాబట్టి గ్యాసిఫయర్ ఇంజనీరు కావలెనను ప్రకటన కొరకు గద్వాలలో కాచుకొని కూర్చుండుట అవివేకము. యంత్రము మారినను చెడని చేతిపని నేర్చుట మేలు.

ఆ పని రెండు విధములు. మొదటిది ఫిట్టరు, డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియను విద్య. దీనికి తోడు బాయిలర్ అటెండెంటు సర్టిఫికెట్టు ఉన్నచో ఊక కాల్చు బాయిలర్లు గల మిల్లులలోను స్థానము దొరకును. రెండవది, నా దృష్టిలో ముఖ్యమైనది, ఇంధనమును సేకరించు పని: ఏ ఊరిలో ఎప్పుడు కట్టె పీకుదురు, ఎన్ని దినములు ఎండవలెను, ముక్కలు కొట్టి గుళికలు చేయుటకు ఖర్చెంత అని ఎరుగుట. 2021లో కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ బొగ్గుతో 5 శాతము జీవద్రవ్యపు గుళికలను కలిపి కాల్చవలెనని థర్మల్ కేంద్రములను ఆదేశించినది. నడిగడ్డకు పొరుగుననున్న రాయచూరు శక్తినగర్‌లోనే అట్టి కేంద్రమొకటి యున్నది. ఈ కట్టె సేకరణ లెక్క పట్టణపు పట్టభద్రునికన్న పత్తిరైతు కొడుకునకు, కూతునకు సులభముగా తెలియును.

చదువుకొనుటకు దూరము పోనక్కరలేదు. పదవ తరగతి పిమ్మట పాలిసెట్ వ్రాసి, 1959లో వనపర్తి రాజప్రాసాదమున వెలసిన కె.డి.ఆర్. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేయవచ్చును. అటుపిమ్మట ఈసెట్ ద్వారా బీటెక్ రెండవ సంవత్సరమున చేరవచ్చును. పంటవ్యర్థముల స్వభావము నెరుగగోరువారికి పాలెము వ్యవసాయ పరిశోధనస్థానము చెంతనే కలదు. పరిశోధనాభిలాషులు గేట్ వ్రాసి బెంగళూరు భారత విజ్ఞానసంస్థకుగాని, కపుర్తలాలోని జాతీయ జైవశక్తి సంస్థకుగాని పోవచ్చును. అనుభవము గడించినవారికి ఎనర్జీ ఆడిటరు పరీక్ష మరియొక మెట్టు.

ఉద్యోగము దొరకి చేరబోవునపుడు యజమానిని రెండు ప్రశ్నలడుగవలెను: షెడ్డులో కార్బన్ మోనాక్సైడును పసిగట్టు అలారము ఉన్నదా? వాయువును కడిగిన తారునీళ్లను ఎక్కడికి వదలుచున్నారు? మొదటిదానికి సమాధానము లేనిచోట ఒక్క షిఫ్టయినను చేయరాదు. రెండవదానికి చెరువు వైపు చేయి చూపినచో, మరియొక మిల్లు చూచుకొనవలెను.