అంతర్జాల వేగాన్ని కొలుచుకొనే విధానం

40 ఎంబీపీఎస్ వేగమని చెప్పి ఇచ్చిన పథకానికి నెలనెలా రుసుము చెల్లించే కుటుంబానికి, పిల్లల పాఠ్యపుస్తకం దించుకొనే వేళ తెరపై 5 అనే అంకె కనిపిస్తే మోసపోయామన్న అనుమానం కలగడం సహజం. నిజానికి ఆ రెండు అంకెలూ ఒకే వేగాన్ని తెలుపుతున్నాయి. అదే తెరపై ఎప్పుడు చూసినా 1 మాత్రమే కనిపిస్తే, అది విచారించదగిన లోటు. భ్రమ ఏదో, లోటు ఏదో తేల్చుకోవాలంటే కొలమానం తెలిసి ఉండాలి.

బిట్టు, బైటు

సమాచార ప్రసారంలో అతి చిన్న ప్రమాణం బిట్టు. దాని విలువ 0 లేదా 1. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. నేడు విరివిగా వాడే యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు కావాలి. ‘బీదర్’ అన్న మాటలో బ, గుడిదీర్ఘం, ద, ర, పొల్లు కలిసి ఐదు గుర్తులున్నాయి. కనుక ఆ మాటకు 15 బైట్లు, అనగా 120 బిట్లు అవసరం.

సేవాసంస్థలు వేగాన్ని బిట్లలో ప్రకటిస్తాయి. ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లు, అనగా ఎన్ని పది లక్షల బిట్లు ప్రసారమవుతాయో తెలిపే ప్రమాణం. ఫైళ్ల పరిమాణం మాత్రం బైట్లలో ఉంటుంది. ఇంగ్లీషులో రాసినప్పుడు చిన్న ‘బి’ బిట్టుకు, పెద్ద ‘బి’ బైటుకు గుర్తు. ప్రకటించిన వేగాన్ని ఎనిమిదితో భాగిస్తే సెకనుకు ఎన్ని మెగాబైట్లు రాగలవో తెలుస్తుంది. 40ని 8తో భాగిస్తే 5. ఆ వేగంతో 1,000 మెగాబైట్ల ఫైలు దిగడానికి 200 సెకన్లు పడుతుంది.

మారుతూ వచ్చిన ప్రమాణం

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశ ప్రజలకు అంతర్జాల సేవను ప్రారంభించిన తొలి రోజుల్లో, టెలిఫోను తీగ ద్వారా అందిన వేగం సెకనుకు 9.6 కిలోబిట్ల స్థాయిలో ఉండేది. ఆ లెక్కన 10 మెగాబైట్ల పత్రానికి రెండు గంటలకు పైగా పట్టేది. 2004 నాటి విధానం బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 256 కిలోబిట్లుగా నిర్ణయించింది. అదే పత్రానికి ఐదు నిమిషాలు చాలేవి. 2013లో ఆ పరిమితి 512 కిలోబిట్లకు, 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెరిగింది. నేటి కనీస వేగంతో ఆ పత్రం 40 సెకన్లలో దిగుతుంది.

వేగం వేరు, జాప్యం వేరు

బీదర్ శివారు నౌబాద్‌లో బహమనీల కాలపు కరేజ్ ఉంది. దానినే సురంగ బావి అని కూడా అంటారు. అటువంటి భూగర్భ కాలువలో సెకనుకు ఎంత నీరు పారుతున్నదన్నది ఒక ప్రశ్న. పైన వదిలిన నీరు దిగువకు చేరడానికి ఎంతసేపు పడుతుందన్నది మరొక ప్రశ్న. మొదటిది ప్రసార వేగం వంటిది. రెండవది జాప్యం వంటిది. జాప్యాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. వేగం బాగున్నా జాప్యం ఎక్కువైతే వీడియో సంభాషణలో మాట ఆలస్యంగా వినిపిస్తుంది.

దించుకొనే వేగం, ఎక్కించే వేగం కూడా వేరు. ఉపకారవేతనపు దరఖాస్తుకు ధ్రువపత్రాలు జతచేసేటప్పుడు పనికివచ్చేది ఎక్కించే వేగమే. పథకం తీసుకొనే ముందు ఈ రెండు అంకెలనూ అడిగి తెలుసుకోవడం మేలు. గడువు చివరి రోజు సాయంత్రం ఈ తేడా తెలిసివస్తే ప్రయోజనం లేదు.

కొలిచే పద్ధతి

1. ఇంటిలోని ఇతర ఫోన్లు, టీవీల అంతర్జాల వాడకాన్ని ఆపాలి.
2. వీలైతే కంప్యూటరును రూటరుకు తీగతో కలపాలి. వైఫై ద్వారా కొలిస్తే, గోడల వల్ల, దూరం వల్ల తగ్గిన వేగం కూడా సేవలోని లోటుగా కనిపిస్తుంది.
3. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఒక్కొక్కసారి చొప్పున మూడు రోజులు కొలవాలి. వాడకం ఎక్కువగా ఉండే వేళల్లో వేగం తగ్గవచ్చు. కనుక ఒక్క కొలతతో నిర్ణయానికి రాకూడదు.
4. తేదీ, సమయం, దించుకొనే వేగం, ఎక్కించే వేగం, జాప్యం రాసిపెట్టుకోవాలి.

మొబైల్ డేటా వేగం కొలవడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లో విడుదల చేసిన మైస్పీడ్ యాప్ ఉపయోగపడుతుంది.

లోటు తేలినప్పుడు

ముందుగా పథకపు షరతులు చదవాలి. ‘40 వరకు’ అని ఉంటే అది గరిష్ఠ వేగమే గాని, అన్నివేళలా అందే వేగం కాదు. అయినా లోటు స్పష్టంగా ఉంటే సేవాసంస్థ ఫిర్యాదు కేంద్రానికి తెలిపి డాకెట్ నంబరు తప్పక తీసుకోవాలి. పరిష్కారం సంతృప్తికరంగా లేకుంటే అదే సంస్థలోని అప్పీలు అధికారికి విన్నవించుకోవచ్చు. ఇందుకు రుసుము లేదు. ‘నెట్ నెమ్మదిగా ఉంది’ అన్న మాట కంటే, మూడు రోజుల కొలతల పట్టిక బలమైన సాక్ష్యం.