వీధిన పడ్డ మనసులకు వైద్యం

ముంబై వీధిలో ఓ యువకుడు కొబ్బరి చిప్పతో మురుగునీళ్లు తాగుతున్నాడు. మానసిక వైద్యులైన భరత్ వట్వానీ దంపతులు అతణ్ని తీసుకెళ్లి వైద్యం చేశారు. కోలుకున్నాక తేలింది: అతను ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పట్టభద్రుడు! 1988లో మొదలైన శ్రద్ధా పునరావాస సంస్థ వెనుక ఉన్నది ఈ అనుభవమే. వీధుల్లో తిరిగే మనోరోగులకు చికిత్స చేసి, సొంతవాళ్ల దగ్గరికి చేర్చడం దాని పని. 2018లో వట్వానీకి రామన్ మెగసెసే పురస్కారం దక్కింది.

ఇదే బాటలో చెన్నైలో 1993లో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ ‘ది బన్యన్’ అనే సంస్థను ప్రారంభించారు.

ఇలాంటి రోగుల హక్కుల విషయంలో పరీక్షార్థులు తప్పక చదవాల్సింది మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. ఇది 2018 మే 29న అమల్లోకి వచ్చింది. సెక్షన్ 18 ప్రకారం దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, బీపీఎల్ కార్డు లేకపోయినా సరే, ప్రభుత్వ మానసిక వైద్య సంస్థల్లో చికిత్స ఉచితం. నిరాశ్రయులకూ అంతే. రోడ్డు పక్కన బతికేవాడి దగ్గర కార్డు ఎక్కడుంటుంది? అందుకే ‘కార్డు లేకపోయినా’ అన్న ఆ ఒక్క మాట చాలా విలువైనది.

సెక్షన్ 100 పోలీసులకు సంబంధించింది. మానసిక అస్వస్థతతో తిరుగుతూ, తనను తాను చూసుకోలేని స్థితిలో కనిపించిన వ్యక్తిని 24 గంటల్లోగా దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి; లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు. నిరాశ్రయులైతే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి, కుటుంబాన్ని వెతకాలి.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది. దానికి నమూనా కర్ణాటకలోని బళ్లారి. ఫోన్‌లో మానసిక ఆరోగ్య సాయం అందించేందుకు 2022 అక్టోబర్ 10న ప్రారంభమైన టెలీ మానస్ ఉచిత నంబరు 14416. అయితే ఫోనే లేని మనిషికి ఈ సేవ చేరాలంటే ఆరోగ్య సిబ్బందే ఫుట్‌పాత్‌ దాకా వెళ్లాలి.