విండోస్ అడ్మిన్ల రోజువారీ తలనొప్పులకి పవర్‌షెల్: డిలీట్ కమాండ్ కొట్టే ముందు ఇది చదవండి

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూల మధ్యలో ఈసారి కొంచెం వేరే టాపిక్. ఆఫీసులో విండోస్ సర్వర్లు చూసుకునేవాళ్ళకి, కాలేజీ ల్యాబ్‌లో సిస్టమ్స్ మెయింటెయిన్ చేసేవాళ్ళకి, అడ్మిన్ జాబ్ కోసం ప్రిపేర్ అవుతున్నవాళ్ళకి ఈ పాఠం. స్క్రిప్ట్ ఎలా రాయాలో చెప్పే వీడియోలకి కొదవ లేదు. రాసిన స్క్రిప్ట్ మన కొంప ముంచకుండా ఎలా చూసుకోవాలో మాత్రం చాలామంది దెబ్బ తిన్నాకే నేర్చుకుంటారు. నేనూ అంతే. ఆ కథ మధ్యలో చెప్తాను.

ఒక చిన్న మాట: కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు స్పెల్లింగే వాడాలి.

1. ఏ టూల్ నేర్చుకోవాలి?

బ్యాచ్ ఫైల్: ఎంఎస్-డాస్ కాలం నుంచి ఉన్నది. రెండు మూడు లైన్ల పనికి ఇప్పటికీ పర్లేదు. లాజిక్ కొంచెం పెరిగితే మాత్రం రాసినవాడికే అర్థం కాదు.

వీబీస్క్రిప్ట్: పాత ఆఫీసుల్లో లాగాన్ స్క్రిప్టులు ఇంకా ఇందులోనే ఉంటాయి. కానీ దీన్ని విండోస్ నుంచి తీసేయబోతున్నామని మైక్రోసాఫ్ట్ 2023లోనే ప్రకటించింది. కొత్తగా నేర్చుకోవద్దు. మీ దగ్గర పాతవి ఉంటే ఇప్పటి నుంచే మార్చుకోవడం మొదలుపెట్టండి.

పవర్‌షెల్: జెఫ్రీ స్నోవర్ 2002లో రాసిన ఆలోచన నుంచి పుట్టి, 2006లో మొదటి వెర్షన్‌గా వచ్చింది. విండోస్ 10, 11లో ఉండే వెర్షన్ 5.1. పవర్‌షెల్ 7 విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, అది లైనక్స్, మ్యాక్‌లో కూడా నడుస్తుంది. మొదలుపెట్టడానికి 5.1 చాలు, ఎందుకంటే ఏ విండోస్ సర్వర్ మీద కూర్చున్నా దాదాపు అదే ఉంటుంది.

2. ముందు మూడు కమాండ్లు

పవర్‌షెల్‌లో కమాండ్ పేరు ఎప్పుడూ "పని-వస్తువు" పద్ధతిలో ఉంటుంది. గెట్-సర్వీస్ అంటే సర్వీసులు చూపించు, రీస్టార్ట్-సర్వీస్ అంటే రీస్టార్ట్ చెయ్యి. అన్నీ బట్టీ పట్టక్కర్లేదు. ఈ మూడూ వస్తే మిగతావి మీరే వెతుక్కోవచ్చు:

- గెట్-కమాండ్: ఏయే కమాండ్లు ఉన్నాయో చూపిస్తుంది.
- గెట్-హెల్ప్: ఒక కమాండ్ ఎలా వాడాలో చెప్తుంది. పక్కన -ఎగ్జాంపుల్స్ అని పెడితే ఉదాహరణలు కూడా వస్తాయి.
- గెట్-మెంబర్: వచ్చిన రిజల్ట్ లోపల ఏమేం ఉన్నాయో చూపిస్తుంది.

మూడోది ఎందుకంటే, పవర్‌షెల్‌లో ఒక కమాండ్ నుంచి ఇంకో కమాండ్‌కి వెళ్ళేది టెక్స్ట్ కాదు, ఆబ్జెక్ట్. ఫైళ్ళ లిస్ట్ అడిగితే, ప్రతి ఫైల్ తన సైజు, చివరిసారి మారిన తేదీ అన్నీ మోసుకొస్తుంది. బ్యాచ్ ఫైల్లో లాగా ఎన్నో అక్షరం దగ్గర తేదీ మొదలవుతుందో లెక్కపెట్టే గోల ఉండదు.

3. రోజూ వచ్చే సమస్య: డిస్క్ ఫుల్

ఐఐఎస్ వెబ్ సర్వర్ తీసుకుందాం. దాని లాగ్ ఫైళ్ళు మామూలుగా సి డ్రైవ్‌లోనే చేరతాయి, పాతవాటిని ఐఐఎస్ తనంతట తాను డిలీట్ చెయ్యదు. కొన్ని నెలలు ఎవరూ పట్టించుకోకపోతే ఒకరోజు డ్రైవ్ నిండిపోయి అప్లికేషన్ ఆగిపోతుంది. ముప్పై రోజులు దాటిన లాగ్స్ తీసెయ్యడానికి ఒక్క లైన్ చాలు:

గెట్-చైల్డ్‌ఐటమ్ $లాగ్‌ఫోల్డర్ -ఫిల్టర్ *.లాగ్ -ఫైల్ -రికర్స్ | వేర్-ఆబ్జెక్ట్ లాస్ట్‌రైట్‌టైమ్ -ఎల్‌టీ (గెట్-డేట్).యాడ్‌డేస్(-30) | రిమూవ్-ఐటమ్ -వాట్‌ఇఫ్

లైన్‌ని ఎడమ నుంచి కుడికి చదవండి. మొదటి ముక్క లాగ్ ఫైళ్ళు తెస్తుంది. రెండోది ముప్పై రోజుల కంటే పాతవి మాత్రమే ముందుకి పంపిస్తుంది. మూడోది డిలీట్ చేస్తుంది. చివర్లో ఉన్న -వాట్‌ఇఫ్ వల్ల నిజంగా ఏదీ పోదు, "ఇవి డిలీట్ అయ్యేవి" అని లిస్ట్ మాత్రం చూపిస్తుంది. ఆ లిస్ట్ మొత్తం చదివి, నమ్మకం కుదిరాకే -వాట్‌ఇఫ్ తీసెయ్యాలి.

ఇంకో జాగ్రత్త. ఫైల్‌ని కాపీ చేసినప్పుడు దాని లాస్ట్‌రైట్‌టైమ్ పాతదే ఉండిపోతుంది. అంటే మీ కొలీగ్ ఇవాళే తెచ్చి పెట్టిన ఫైల్ కూడా స్క్రిప్ట్ కంటికి రెండేళ్ళ పాతదిగా కనిపించొచ్చు. అందుకే ఇలాంటి క్లీనప్ లాగ్స్ మాత్రమే ఉండే ఫోల్డర్ మీదే నడపాలి, అందరూ వాడే ఫోల్డర్ మీద కాదు.

4. నేను చేసిన తప్పు

జాబ్‌లో చేరిన కొత్తలో టెస్ట్ సర్వర్ క్లీనప్ నాకిచ్చారు. ఫోల్డర్ పాత్‌ని లాగ్‌ఫోల్డర్ అనే వేరియబుల్‌లో పెట్టి, కింద "$లాగ్‌ఫోల్డర్\*" మొత్తం డిలీట్ చెయ్యి, సబ్‌ఫోల్డర్లతో సహా, అడక్కుండా, అని రాశాను. కింద లైన్లో వేరియబుల్ స్పెల్లింగ్‌లో ఒక అక్షరం మిస్సయింది. అంతే.

పవర్‌షెల్‌కి ఆ పేరుతో వేరియబుల్ కనపడలేదు. ఎర్రర్ ఇస్తుందనుకుంటాం కదా? ఇవ్వదు. లేని వేరియబుల్‌ని ఖాళీగా తీసుకుంటుంది. ఖాళీ తీసేస్తే మిగిలింది "\*". దానర్థం ఇప్పుడున్న డ్రైవ్ రూట్‌లో ఉన్నవన్నీ. నేనున్నది డి డ్రైవ్‌లో. లాగ్స్ తీసెయ్యడానికి ఇంతసేపా అని అనుమానం వచ్చి కంట్రోల్-సి నొక్కేసరికి ఇంకో టీమ్ టెస్ట్ డేటా ఫోల్డర్ పోయింది.

వెంటనే వెళ్ళి మా లీడ్‌కి చెప్పాను. ముందు రాత్రి బ్యాకప్ ఉంది కాబట్టి చాలావరకు తిరిగొచ్చింది. ఆ రోజు పొద్దున్నుంచి వాళ్ళు చేసిన పని మాత్రం రాలేదు. వాళ్ళు మళ్ళీ కూర్చుని చేసుకున్నారు, నేను పక్కనే కూర్చుని హెల్ప్ చేశాను. లీడ్ తిట్టలేదు గానీ, "చెప్పడం లేట్ చేసుంటే ఆ బ్యాకప్ మీద కొత్తది పడిపోయేది" అన్నారు. తప్పు జరిగితే దాచొద్దు అన్న పాఠం కూడా అక్కడే నేర్చుకున్నా.

5. ప్రతి స్క్రిప్ట్‌లో ఉండాల్సిన నాలుగు కాపలాలు

- సెట్-స్ట్రిక్ట్‌మోడ్ -వెర్షన్ లేటెస్ట్: స్క్రిప్ట్ పైనే పెట్టండి. లేని వేరియబుల్ వాడితే అక్కడే ఎర్రర్ వస్తుంది. వెర్షన్ 1.0 అని పెడితే కోట్స్ లోపల ఉన్న వేరియబుల్స్‌ని పట్టుకోదు, నా తప్పు సరిగ్గా అలాంటిదే. అందుకే లేటెస్ట్ అనే పెట్టండి.
- $ఎర్రర్‌యాక్షన్‌ప్రిఫరెన్స్ = "స్టాప్": మామూలుగా చాలా ఎర్రర్లకి పవర్‌షెల్ ఎర్ర అక్షరాలు చూపించి తర్వాతి లైన్‌కి వెళ్ళిపోతుంది. బ్యాకప్ కాపీ ఫెయిలయినా, కింద ఉన్న డిలీట్ మాత్రం జరిగిపోతుంది! ఇది పెడితే ఎర్రర్ దగ్గరే ఆగిపోతుంది.
- టెస్ట్-పాత్: ఫోల్డర్ నిజంగా ఉందో లేదో చూసి, లేకపోతే బయటికి వచ్చెయ్యండి.
- స్టార్ట్-ట్రాన్స్‌క్రిప్ట్: స్క్రిప్ట్ ఏం చేసిందో ఫైల్లో రాసిపెడుతుంది. తర్వాత ఎవరైనా అడిగితే సమాధానం అందులో ఉంటుంది.

6. "నా దగ్గర నడుస్తోంది, షెడ్యూల్ చేస్తే నడవట్లేదు"

టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాక స్క్రిప్ట్ ఆగిపోవడం చాలామందికి ఎదురయ్యేదే. ఎక్కువగా కారణాలు ఇవి:

- "స్టార్ట్ ఇన్" బాక్స్ ఖాళీగా వదిలేస్తే స్క్రిప్ట్ సిస్టమ్32 ఫోల్డర్ నుంచి మొదలవుతుంది. సగం పాత్ ఇచ్చిన ఫైళ్ళు దొరకవు. పూర్తి పాత్ ఇవ్వండి, లేదా $పీఎస్‌స్క్రిప్ట్‌రూట్ వాడండి.
- మీ లాగిన్‌లో కనిపించే జెడ్ డ్రైవ్ షెడ్యూల్ టాస్క్‌కి కనిపించదు. డ్రైవ్ అక్షరం బదులు సర్వర్ పేరుతో మొదలయ్యే నెట్‌వర్క్ పాత్ ఇవ్వండి.
- టాస్క్ మీ సొంత అకౌంట్ పాస్‌వర్డ్‌తో పెడితే, మీరు పాస్‌వర్డ్ మార్చిన రోజు నుంచి టాస్క్ ఫెయిలవుతుంది. ఇలాంటి పనులకి విడిగా సర్వీస్ అకౌంట్ అడగండి.
- పాస్‌వర్డ్‌ని ఎక్స్‌పోర్ట్-సీఎల్ఐఎక్స్ఎంఎల్‌తో సేవ్ చేస్తే, అదే యూజర్, అదే మెషిన్ మీద మాత్రమే తెరుచుకుంటుంది. మీ లాగిన్‌లో సేవ్ చేసి సర్వీస్ అకౌంట్‌తో నడిపితే పనిచెయ్యదు. అలాగని పాస్‌వర్డ్‌ని స్క్రిప్ట్‌లో నేరుగా మాత్రం రాయొద్దు.

7. అకౌంట్ పదే పదే లాక్ అవుతోందా?

హెల్ప్‌డెస్క్‌కి వచ్చే ఇంకో రెగ్యులర్ కాల్ ఇది. సెర్చ్-ఏడీఅకౌంట్ -లాక్‌డ్‌అవుట్ అంటే లాకైన అకౌంట్లన్నీ వస్తాయి, అన్‌లాక్-ఏడీఅకౌంట్ తో తెరవచ్చు. కానీ పది నిమిషాల్లో మళ్ళీ లాకైతే అన్‌లాక్ చేస్తూ కూర్చోవద్దు, కారణం వెతకండి. డొమైన్ కంట్రోలర్ సెక్యూరిటీ లాగ్‌లో ఈవెంట్ నంబర్ 4740 చూస్తే, లాక్ ఏ మెషిన్ నుంచి వచ్చిందో ఉంటుంది. గెట్-విన్‌ఈవెంట్‌కి -ఫిల్టర్‌హ్యాష్‌టేబుల్ ఇచ్చి వెతికితే తొందరగా దొరుకుతుంది. అక్కడ మెయిల్ సర్వర్ పేరు కనిపిస్తే ముందు యూజర్ ఫోన్ అడగండి. కొత్త పాస్‌వర్డ్ కంప్యూటర్‌లో మార్చి, ఫోన్ మెయిల్ యాప్‌లో మార్చడం మర్చిపోయి ఉంటారు. పాపం ఆ ఫోన్ పాత పాస్‌వర్డ్‌తోనే తలుపు కొడుతూ ఉంటుంది.

8. వంద మెషిన్లకి వెళ్ళే ముందు

ఇన్‌వోక్-కమాండ్‌తో ఒకే స్క్రిప్ట్‌ని చాలా మెషిన్ల మీద ఒకేసారి నడపొచ్చు. నేనైతే మొదట ఒక్క మెషిన్ మీద, తర్వాత ఐదింటి మీద, ఆ తర్వాతే అన్నిటి మీద నడుపుతాను. స్పెల్లింగ్ తప్పు ఒక మెషిన్ మీద జరిగితే సారీ చెప్పి సరిచేసుకోవచ్చు. వంద మెషిన్ల మీద జరిగితే అదే పెద్ద ఔటేజ్.

ప్రాక్టీస్ కోసం ఇవాళ ఒక పని చెయ్యండి. మీ ల్యాప్‌టాప్‌లో పవర్‌షెల్ తెరిచి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మీద పైన చెప్పిన లైన్ -వాట్‌ఇఫ్ తోనే నడపండి. లాగ్ ఫిల్టర్ మాత్రం తీసెయ్యండి. వచ్చిన లిస్ట్ నిదానంగా చదవండి. "అయ్యో, ఇది పోకూడదు" అనిపించే ఫైల్ ఒక్కటైనా అందులో దొరుకుతుంది చూడండి. అది దొరికిందంటే ఈ పాఠం మీకు వచ్చేసినట్టే.