పని తెలిసినవారు పది మందికీ తెలియాలి



పోయిన బక్రీద్ తర్వాత మా చెల్లెలి కూతురి నిఖా జరిగింది. పెళ్లికూతురి దుస్తుల మీద మగ్గం పని చేయించాలని జగదాంబ నుంచి గాజువాక దాకా తిరిగాం. ఫోన్‌లో వెతికితే పెద్ద దుకాణాలే కనబడ్డాయి. చివరికి ఒక దుకాణంలో ఇచ్చాం. పని చాలా బాగా వచ్చింది.

నెల తర్వాత సొసైటీ తరఫున సాయం అందుకున్న కుటుంబాలను చూడటానికి కంచరపాలెం వెళ్లాను. ఒక ఇంట్లో నాలుగేళ్ల కిందట మనం ఇచ్చిన కుట్టు మిషన్, దాని పక్కనే మగ్గం ఉన్నాయి. ఆ సోదరి తన ఫోన్ తీసి చేసిన పనులు చూపిస్తూ ఉంటే ఒక ఫొటో దగ్గర నా వేలు ఆగిపోయింది. అది మా అమ్మాయి పెళ్లి డ్రెస్సే. "ఇది షాపువాళ్లు పంపారు చాచా, రాత్రిళ్లు కూర్చుని కుట్టాను" అంది. మేం దుకాణంలో కట్టినదాంట్లో నాలుగో వంతు కూడా ఆమెకు రాలేదు.

దుకాణదారుది తప్పు అనను. అద్దె కట్టాడు, బోర్డు పెట్టాడు, గిరాకీని తెచ్చాడు. ఆ గిరాకీ తెచ్చినందుకే మిగతా డబ్బు ఆయనకు పోయింది. లోపం మన దగ్గరే ఉంది. మనం మిషన్ ఇచ్చాం, శిక్షణ ఇచ్చాం. ఆమె ఫలానా చోట ఉందని, ఫలానా పని చేస్తుందని ఊరికి తెలిసే దారి మాత్రం చూపలేదు. ఆమె సొంత చాచానైన నాకే తెలియలేదు! ఈ పాఠం ఆ దారి గురించే.

తెలుగు నేల మీద మూడు ఉదాహరణలు

తెలంగాణలోని జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో గంగవ్వ వ్యవసాయ కూలి, బీడీలు చుట్టేవారు. ఆ ఊరి యువకుడు శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' పేరుతో యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టారు. తర్వాత అందులో కనిపించిన గంగవ్వ తన ఊరి యాసలో, తన తీరులోనే మాట్లాడారు. 2020లో ఆమె బిగ్ బాస్ తెలుగు కార్యక్రమం దాకా వెళ్లారు.

గుంటూరు జిల్లా గుడివాడ గ్రామానికి చెందిన మస్తానమ్మ వందేళ్లు దాటిన వయసులో కట్టెల పొయ్యి మీద వండుతుంటే, 2016లో ఆమె మునిమనవడు లక్ష్మణ్ 'కంట్రీ ఫుడ్స్' ఛానల్‌లో చూపించాడు. 2018 డిసెంబరులో ఆమె చనిపోయినప్పుడు విదేశీ పత్రికలు కూడా ఆమె గురించి రాశాయి.

మూడోది మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ. ఖ్వాజా మొయినుద్దీన్ టీవీ ఉద్యోగం మానుకుని 2017లో మిత్రులతో కలిసి 'నవాబ్స్ కిచెన్' ఛానల్ పెట్టారు. పెద్ద పెద్ద గిన్నెల్లో వండి అనాథ పిల్లలకు పెడతారు. ఆ వీడియోలు చూసినవారే ఆ వంటకు ఆదరువు అయ్యారు.

ఈ మూడింటిలోనూ పని తెలిసిన మనిషి ఒకరు, కెమెరా తెలిసిన మనిషి మరొకరు. గంగవ్వ, మస్తానమ్మ ఫోన్ పట్టుకుని ఛానల్ నడపలేదు. పక్కన ఒక ఊరివాడో, మనవడో, స్నేహితుడో నిలబడ్డాడు. మన మొహల్లాలో మగ్గం పని చేసే సోదరి ఉంది, బిర్యానీ వండే భాయ్ ఉన్నాడు, ఏసీ మెకానిక్ ఉన్నాడు. రోజంతా ఫోన్ చూసే డిగ్రీ పిల్లలు కూడా ఉన్నారు. వీళ్లిద్దరినీ జత చేయడమే మిగిలింది.

మనకు లక్షల మంది చూడాల్సిన అవసరం లేదు. ఒక దర్జీ ఇల్లు గడవడానికి నమ్మకమైన ఇరవై కుటుంబాలు చాలు.

తన గురించి తాను చెప్పుకోవచ్చా?

ఈ మాట ఎత్తగానే మనవాళ్లలో చాలామంది వెనక్కి తగ్గుతారు. "మన గొప్ప మనం చెప్పుకోవడం రియా కాదా?" అని అడుగుతారు. మంచి ప్రశ్నే. అయితే యూసుఫ్ అలైహిస్సలాం ఈజిప్టు రాజుతో మాట్లాడిన సందర్భం గుర్తు చేసుకోండి. ధాన్యాగారాల బాధ్యత తనకు ఇవ్వమని అడుగుతూ, కాపాడే గుణం, తెలివిడి తనకు ఉన్నాయని ఆయన స్వయంగా చెప్పారు. అవసరమైన చోట, ఉన్న అర్హతను ఉన్నంతగా చెప్పడం గొప్పలు పోవడం కాదు.

దీనికి హద్దు కూడా మనకు తెలిసిందే. బజారులో ధాన్యం రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని పైకి చూపమని ప్రవక్త (స) వర్తకుడిని మందలించిన సంఘటన మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఇంకొకరు కుట్టిన డ్రెస్ ఫొటో మన పేజీలో పెట్టడం, బంధువులతో పొగడ్తలు రాయించుకోవడం, చేయని ఉద్యోగం చేశామని రాయడం, ఇవన్నీ ఆ తడి ధాన్యం లాంటివే.

ఏ పనికి ఏ చోటు?

అన్ని చోట్లా ఖాతా తెరిచి ఒక్కదాన్నీ నడపలేకపోవడం మామూలుగా జరిగే పొరపాటు. పనిని బట్టి ఒకటి రెండు చాలు.

1. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్: మెకానిక్, ప్లంబర్, టైలర్, క్యాటరింగ్ వారికి ఇది ముఖ్యం. "మర్రిపాలెంలో ఏసీ రిపేర్" అని ఎవరైనా వెతికితే మ్యాప్‌లో కనబడే పేరు ఇదే. ఖర్చు లేదు. ఇంట్లోనే పనిచేసే సోదరీమణులు ఇంటి చిరునామా దాచి, తాము ఏయే ప్రాంతాలకు పని చేస్తారో మాత్రం చూపే వీలుంది.

2. వాట్సాప్ బిజినెస్: 2018లో వచ్చిన ఉచిత యాప్. ఇందులో కేటలాగ్ పెట్టుకోవచ్చు. ఒక్కో వస్తువుకూ ఫొటో, ధర, రెండు మాటల వివరణ. నమాజ్ వేళ, వంట వేళ మనం ఫోన్ ఎత్తకపోయినా, ఎప్పుడు జవాబిస్తామో దానంతట అదే చెబుతుంది.

3. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్: కంటితో చూసి మెచ్చే పనులకు. మగ్గం, మెహందీ, వంట, చెక్కపని. పూర్తయిన వస్తువు ఒక్కటే కాకుండా పని జరుగుతుండగా చేతులు కనబడేలా అర నిమిషం వీడియో తీస్తే నమ్మకం పెరుగుతుంది.

4. లింక్డ్‌ఇన్: డిగ్రీ, డిప్లొమా, ఐటీఐ చదివినవారికి. దువ్వాడ సెజ్, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం, రుషికొండ ఐటీ కంపెనీల్లో మనుషుల్ని ఎంపిక చేసేవారు అభ్యర్థుల పేర్లు ఇక్కడ వెతుకుతారు.

5. సొంత వెబ్ పేజీ: గూగుల్ సైట్స్ వంటి వాటిలో ఒక పూటలో, ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. "ఇన్ని ఉండగా ఇదెందుకు?" అనవచ్చు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది. అందులో టిక్‌టాక్ ఒకటి. ఏళ్ల తరబడి అక్కడ పేరు తెచ్చుకున్నవారు ఒక్క రాత్రిలో ఆ చూసేవారందరినీ పోగొట్టుకున్నారు. సోషల్ మీడియా అద్దె కొట్టు లాంటిది. మన పనుల ఫొటోలు, పాత కస్టమర్ల ఫోన్ నంబర్లు మన దగ్గర కూడా ఉండాలి.

పేజీలో ఏం రాయాలి?

చాలామంది ఇలా రాస్తారు: "నేను కష్టపడి, నిజాయితీగా పనిచేస్తాను. ఏ పనైనా చేయగలను. అవకాశం ఇవ్వండి." ఇందులో అబద్ధం లేదు. కానీ చదివేవాడికి ఏమీ తెలియదు. ఒక వెల్డర్ ఇలా రాశాడనుకోండి:

"ఐటీఐ వెల్డర్‌ని. ఆర్క్, టిగ్ వెల్డింగ్ చేస్తాను. 6జీ పొజిషన్‌లో పైప్ వెల్డింగ్ పరీక్ష పాసయ్యాను. కాంట్రాక్టర్ దగ్గర మూడేళ్లు షట్‌డౌన్ పనులు చేశాను. గాజువాక, పరవాడ, అచ్యుతాపురం రాగలను. రాత్రి షిఫ్టు కూడా చేస్తాను. సర్టిఫికెట్లు అడిగితే చూపిస్తాను."

పైప్‌ను వంపుగా బిగించి, కదపకుండా చుట్టూ వెల్డింగ్ చేయించే కష్టమైన పరీక్ష 6జీ. ఆ రెండక్షరాలు చూడగానే సూపర్‌వైజర్‌కు విషయం అర్థమవుతుంది. పేజీలో ఐదు సంగతులు ఉంటే చాలు: ఏ పని చేస్తారు, ఎక్కడ నేర్చుకున్నారు, ఇప్పటిదాకా ఏం చేశారు, ఎక్కడిదాకా రాగలరు, ఎలా మాట్లాడాలి. వీటితో పాటు సొంత పనివి ఆరు మంచి ఫొటోలు. ఫొటో పగటి వెలుగులో, కిటికీ పక్కన, శుభ్రమైన గుడ్డ మీద పెట్టి తీయాలి. ధర ఎంత నుంచి మొదలో రాస్తే బేరాల ఫోన్లు తగ్గుతాయి. తెలుగులో రాయండి. ఉర్దూ, ఇంగ్లీషు వస్తే అవీ జోడించండి.

విశాఖవాసులకు ప్రత్యేక జాగ్రత్తలు

మనది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు. పోర్టు, స్టీల్ ప్లాంటు, డాక్‌యార్డు ఉన్న ఊరు. పనిచేసే చోట ఫొటో తీసి పెడితే గొప్పగా ఉంటుందని కుర్రవాళ్లకు అనిపిస్తుంది. అనుమతి లేని చోట ఫోన్ బయటకు తీయకూడదు. 2019 డిసెంబరులో సోషల్ మీడియా పరిచయాలతో వల వేసి నౌకాదళ సమాచారం రాబట్టిన గూఢచర్యం కేసును ఆంధ్రప్రదేశ్ పోలీసులు బయటపెట్టారు. ఆ నెలలోనే నౌకాదళం తన ఓడల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. వెల్డర్ తన ఇంటి దగ్గర చేసిన గేటు ఫొటో పెట్టుకున్నా పనితనం తెలుస్తుంది.

రెండోది ఉద్యోగ మోసం. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి విశాఖ ప్రాంతం యువకులను కంబోడియాకు తీసుకెళ్లి, అక్కడ బంధించి సైబర్ మోసాలు చేయించిన వ్యవహారాన్ని 2024 మేలో మన నగర పోలీసులు బయటపెట్టారు. మన వివరాలు నలుగురికీ కనబడటం మొదలైతే మంచివారితో పాటు ఇలాంటివారు కూడా పిలుస్తారు. విదేశీ ఉద్యోగం పేరుతో మెసేజ్ వస్తే, ఆ ఏజెంట్ పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడాలి. రిజిస్టరైన ఏజెంట్ తీసుకోదగ్గ గరిష్ఠ సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఓడ ఉద్యోగమైతే డీజీ షిప్పింగ్ లైసెన్స్ ఉన్న సంస్థ ద్వారానే వెళ్లాలి. ఓడలో చేర్పించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోకూడదన్నది నియమం. విజిటింగ్ వీసా మీద వెళ్లి పనిలో చేరమంటే అక్కడే ఆగిపోవాలి.

మూడోది డబ్బు. పెద్ద ఆర్డర్ ఇస్తాం, అడ్వాన్స్ పంపుతున్నాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి అంటారు. డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం లేదు. పిన్ నొక్కితే డబ్బు పోతుంది. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

సోదరీమణులకు ఒక మాట. ముఖం చూపించాల్సిన అవసరం లేదు. చేతులు, పని చాలు. పేజీకి ఇంటి నంబరు కాకుండా వేరే సిమ్ పెట్టుకోండి. పిల్లల ఫొటోలు, బడి పేరు అందులో పెట్టవద్దు.

దాతలు చేయగలిగింది

మిషన్‌కు, ఉపకార వేతనానికి మీరిచ్చే డబ్బు అమానత్. అది ఫలించాలంటే మరికొంత తోడు కావాలి. దీనికి పెద్ద ఖర్చు అవసరం లేదు.

- మిషన్ ఇచ్చే ప్రతి ఇంటికీ మన ఉపకార వేతనం అందుకుంటున్న ఒక విద్యార్థిని జత చేద్దాం. పేజీ తయారుచేసి, మూడు నెలలు చూసుకోవడం ఆ విద్యార్థి బాధ్యత. అదే పని ఆ పిల్లవాడి లింక్డ్‌ఇన్‌లో మొదటి అనుభవంగా చేరుతుంది. సోదరీమణుల పేజీలను అమ్మాయిలకే అప్పగిద్దాం.
- ఆరు నెలల తర్వాత "మిషన్ ఉందా?" అని కాకుండా "ఎన్ని ఆర్డర్లు వచ్చాయి?" అని అడుగుదాం.
- మీ ఇంటి శుభకార్యానికి, మీ ఆఫీసు ఇఫ్తార్‌కు ఒక్క ఆర్డర్ వీరికి ఇవ్వండి. పని బాగుంటే ఆ పేజీలో రెండు నిజమైన మాటలు రాయండి. బాగాలేకపోతే వారికే నేరుగా చెప్పండి. చేయించుకోని పనికి మాత్రం పొగడ్త రాయవద్దు.
- కంపెనీల్లో ఉన్నవారు నెలకో గంట ఇచ్చి, మన పిల్లల వివరాలు చదివి ఏం మార్చాలో చెప్పండి.

కంచరపాలెం సోదరి సంగతి చెప్పి ముగిస్తాను. మా పక్కింటి డిగ్రీ అమ్మాయి ఆమెతో కూర్చుని ఒక ఆదివారం పేజీ చేసింది. మొదటి మూడు వారాలు ఒక్క ఫోన్ రాలేదు. "మనకు ఇవన్నీ కుదరవు చాచా" అంది సోదరి. నాలుగో వారం మద్దిలపాలెం నుంచి ఒక బ్లౌజ్ వచ్చింది. ఇప్పటికి ఏడు ఆర్డర్లు. దుకాణం పని కూడా మానలేదు, మానమని మేం చెప్పలేదు. కాకపోతే మొన్న దుకాణదారు పాత రేటుకే ఇంకో డ్రెస్ పంపితే, తన పేజీలో ఉన్న ధర చెప్పిందట. ఆయన కాసేపు ఆలోచించి కొంత పెంచాడట.

ఆమె పని నాలుగేళ్లుగా అదే. కొత్తగా వచ్చింది, తన పనికి ధర చెప్పుకునే ధైర్యం. ఇన్‌షా అల్లాహ్, ఈ ఏడాది మీరిచ్చే ప్రతి మిషన్‌తో పాటు ఒక్క ఆర్డర్ కూడా ఇవ్వండి.