గాయపడినవాడే గాయాలు కట్టిన వేళ



మంచి సమరీయుని ఉపమానం (లూకా 10:25-37) మనం ఎన్నోసార్లు విన్నదే. దారిలో దెబ్బలు తిని పడివున్న మనిషి దగ్గర ఆ సమరీయుడు ఆగాడు. తానే గాయపడివుంటే ఆగేవాడా? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని ఈ వారం ఒక కథోలిక వైద్యుని జీవితాన్ని ధ్యానిద్దాం.

ఆయన పేరు థామస్ జోసఫ్ క్రీన్. 1873లో ఐర్లండు దేశంలోని డబ్లిన్‌లో జన్మించారు. యేసుసభ గురువుల పాఠశాలలో చదివి, తరువాత వైద్యవిద్య అభ్యసించారు. 18 ఏళ్ల వయసులోనే సముద్రంలో మునిగిపోతున్న ఒక యువకుణ్ణి కాపాడి పతకం పొందారు.

రగ్బీ బలం కావలసిన ఆట. జట్టుకు పదిహేనుమంది చొప్పున, కోడిగుడ్డు ఆకారపు బంతి కోసం ఒకరినొకరు పట్టి పడగొడతారు. 1894-96 మధ్య క్రీన్ ఐర్లండు తరఫున 9 అంతర్జాతీయ పోటీలు ఆడారు. 1896లో బ్రిటిష్ దీవుల జట్టుతో దక్షిణాఫ్రికా వెళ్లి, అక్కడే వైద్యునిగా ఉండిపోయారు.

1899లో అక్కడ బ్రిటిషువారికీ బోయర్లకూ యుద్ధం మొదలైంది. క్రీన్ బ్రిటిషు పక్షాన మొదట సామాన్య సైనికునిగా చేరి, తరువాత వైద్యాధికారి అయ్యారు. 1901 డిసెంబరు 18న టైగర్‌క్లూఫ్ వద్ద, 150 గజాల దూరం నుండి తూటాలు కురుస్తుండగా, పడిపోయినవారికి చికిత్స చేస్తున్నారు. ఒక తూటా ఆయనకే తగిలింది. అయినా పని ఆపలేదు. రెండవది తగిలి, ఇక బ్రతకరని అందరూ అనుకొన్నప్పుడే ఆయన చేతులు ఆగాయి. అందుకు బ్రిటిషు సైన్యంలో అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ లభించింది.

మొదటి ప్రపంచ యుద్ధంలోనూ ఆయన సైనిక వైద్యునిగా సేవ చేశారు. చివరి రోజుల్లో అనారోగ్యం, ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టాయి. 1923లో, 49 ఏళ్లకే కన్నుమూశారు. లండన్‌లోని పునీత మరియమ్మ కథోలిక సమాధుల తోటలో ఆయనను భూస్థాపన చేశారు.

యుద్ధాన్ని మనం పొగడం. శ్రీసభ కోరేది శాంతినే. కాని ఒక్క సంగతి గమనించండి: ఆ పతకం వచ్చింది ప్రాణం తీసినందుకు కాదు, ప్రాణం నిలిపేందుకు పాటుపడినందుకు. పతకం ఉన్నంత మాత్రాన కష్టాలు ఆయనను విడిచిపెట్టనూ లేదు.

“ముందు నా బాధ తీరనీ, తరువాత ఇతరుల సంగతి చూద్దాం” అని మనం అంటూ ఉంటాం. అలా అనుకొంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి మరో తల్లి పక్కన కూర్చుంటే చాలు, మాటలక్కరలేదు. మన ప్రభువు కూడా సిలువ మీద వేదనపడుతూనే పక్కనున్న దొంగను ఆదరించారు.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఆలోచించండి: మన విచారణలో ఎవరి గాయాన్ని చూచి కూడా, మన గాయాన్ని సాకుగా చెప్పి దాటిపోతున్నాం? ఆదివారం పూజ ముగిశాక ఆ ఇంటి తలుపు తట్టండి.